చక్రము చెప్పు సంగతి: ఏ.బి.యస్. దీపము ఆరకున్నచో ఏమి చూడవలెను?

మోటారు సైకిలు నేడు మన గ్రామములలో విలాస వస్తువు కాదు. పాలక్యానులు కేంద్రమునకు చేర్చుటకు, ఎరువుబస్తా తెచ్చుకొనుటకు, పిల్లలను బడికి దింపుటకు, అర్ధరాత్రి వేళ రోగిని ఆసుపత్రికి తీసికొనిపోవుటకు అదియే ఆధారము. కూరగాయలను, కోళ్ళను, సిమెంటును మోయు చిన్న సరుకు బండ్లును అట్టివే. ఈ బండ్లు నడచుట ఎంత ముఖ్యమో, అవసరమైన చోట ఆగుటయు అంత ముఖ్యము.

ఇటీవలి బండ్ల ముందు పలకపై పసుపు రంగుతో వెలుగు చిన్న దీపమొకటి కలదు. దానిపై వలయములో ఏ.బి.యస్. అను మూడక్షరములు ఉండును. ఈ దీపము ఆరక వెలుగుచున్నను “బండి నడుచుచున్నది గదా, బ్రేకు పడుచున్నది గదా” యని చాలమంది దానిని లెక్కచేయరు. మరికొందరు భయపడి, పరీక్ష చేయింపకయే చక్రపు సెన్సరును మార్పించి, దీపము మరల వెలిగినప్పుడు డబ్బు వృథా అయినదని చింతింతురు. ఈ రెండును మంచివి కావు. దీపము ఎందులకు వెలుగునో, దోషమును ఏ క్రమమున కనిపెట్టవలెనో మేము ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

ఈ ఏర్పాటు ఎందులకు?

బ్రేకును బలముగా నొక్కినప్పుడు చక్రము తిరుగుట పూర్తిగా మానివేసి, టైరు రోడ్డుపై జారుకొనుచు పోవుట పలువురు చూచియే యుందురు. వానకు తడిసిన తారురోడ్డు మీద, ధాన్యము ఆరబోసిన రోడ్డు మీద, ట్రాక్టరు చక్రముల నుండి రాలిన బురద మీద ఇట్లు జరుగుట సులభము. బిగిసిపోయిన ముందు చక్రము హ్యాండిలు మాట వినదు. కారు త్రిప్పిన వైపునకు తిరుగదు. మోటారు సైకిలైనచో మనిషిని పడవైచును.

ఈ ఆపదను నివారించుటకే ఏ.బి.యస్. ఏర్పడినది. చక్రము బిగియబోవు క్షణమున ఆ చక్రమునకు పోవు బ్రేకు ఆయిలు ఒత్తిడిని తగ్గించి, చక్రము తిరుగ నారంభింపగానే మరల పెంచుట దీని పని. ఇది సెకనుకు పలుమార్లు జరుగును. కార్లలో ఎలక్ట్రానిక్ పద్ధతిపై నాలుగు చక్రములకు పనిచేయు ఏ.బి.యస్.ను జర్మనీకి చెందిన బాష్ సంస్థ 1978లో మెర్సిడెస్ బెంజ్ కారు ద్వారా విపణిలోనికి తెచ్చినది. 1988లో బి.యం.డబ్ల్యు. సంస్థ మోటారు సైకిలునకు దీనిని అమర్చినది. మన దేశమున 125 సి.సి.కి మించిన ద్విచక్ర వాహనములలో కొత్త నమూనాలకు 2018 ఏప్రిల్ 1వ తేదీ నుండియు, అప్పటికే తయారగుచున్న నమూనాలకు 2019 ఏప్రిల్ 1వ తేదీ నుండియు ఏ.బి.యస్. తప్పనిసరి యైనది. ఆ పిమ్మట కొన్న అట్టి బండి మీ ఇంట నున్నచో ఈ విషయము మీకు సంబంధించినదే. ముందు చక్రమునకు మాత్రమే ఏ.బి.యస్. గల మోటారు సైకిళ్ళును కలవు. అవియును ఈ లెక్కలోనివే.

సెన్సరు పనిచేయు విధము

చక్రము బిగియబోవుచున్నదని యంత్రమునకు తెలియుట ఎట్లు? ఆ సంగతి చెప్పునదే చక్రపు వేగ సెన్సరు. చక్రముతో బాటు ఒక పళ్ళ రింగు తిరుగుచుండును. మోటారు సైకిలునందు ఇది డిస్కు ప్రక్కనే కనిపించును. దానికి ఎదురుగా, కదలకుండ బిగించిన చిటికెనవ్రేలంత పరికరమే సెన్సరు. ఒక్కొక్క పన్ను దాని యెదుట నుండి పోవునప్పుడెల్ల అది ఒక్కొక్క విద్యుత్ స్పందనమును తీగ ద్వారా నియంత్రణ పెట్టెకు పంపును.

లెక్క చూతము. రింగునకు 48 పళ్ళున్నవనియు, టైరు చుట్టుకొలత 2 మీటర్లనియు అనుకొందము. బండి గంటకు 36 కిలోమీటర్ల వేగమున పోవుచున్నచో సెకనుకు 10 మీటర్లు సాగును. అనగా చక్రము సెకనుకు 5 చుట్లు తిరుగును. పెట్టెకు సెకనుకు 240 స్పందనములు చేరును. ఇతర చక్రముల లెక్క అంతే యుండి, ఒక చక్రము లెక్క హఠాత్తుగా పడిపోయినచో, ఆ చక్రము బిగియుచున్నదని పెట్టె గ్రహించును. కనుక ఏ.బి.యస్. తెలివి అంతయు సెన్సరు పంపు లెక్కపై ఆధారపడి యున్నది. లెక్క తప్పినచో తీర్పు తప్పును.

సెన్సర్లు రెండు రకములు. మొదటి రకములో అయస్కాంతము, తీగచుట్ట మాత్రమే యుండును. దీనికి బ్యాటరీ సాయము అక్కరలేదు. పళ్ళు కదలునప్పుడు అదియే స్వల్పముగా విద్యుత్తును పుట్టించును. అయితే చక్రము మెల్లగా తిరిగినచో స్పందనము బలహీనముగా నుండును. రెండవ రకమునకు పెట్టె నుండి విద్యుత్తు అందవలెను. ఇది అతి తక్కువ వేగమును సైతము చెప్పగలదు. కొన్ని కార్లలో ఈ రెండవ రకమునకు పళ్ళ రింగునకు బదులు బేరింగు సీలులోనే ఇమిడియున్న అయస్కాంత వలయము ఉండును. మీ బండిలో ఏ రకమున్నదో పరీక్షకు ముందే తెలిసికొనవలెను, ఏలయనగా వీనిని పరీక్షించు పద్ధతులు వేరు.

దీపము చెప్పు మాట

తాళము త్రిప్పగానే ఈ దీపము వెలుగవలెను. కార్లలో కొన్ని సెకనులలో, మోటారు సైకిళ్ళలో బండి కదలి కొంచెము వేగము అందుకొనగానే ఆరిపోవలెను. ఇది ఆరోగ్య లక్షణము. ఆరకున్నను, నడుమ వెలిగినను దోషము కలదని అర్థము. తాళము త్రిప్పినప్పుడు అసలు వెలుగకున్నచో అదియు అనుమానింప దగినదే. పాత బండి కొనువారు ఈ సంగతిని ముఖ్యముగా గమనింపవలెను. దోషము బయటపడకుండ దీపమునే తీసివేయు వారు లేకపోలేదు.

పసుపు దీపము వెలుగుచున్నంత కాలము ఏ.బి.యస్. తప్పుకొనును, మామూలు బ్రేకు పనిచేయును. అందుచేత బండిని మెల్లగా ఇంటికి గాని, మెకానిక్కు వద్దకు గాని చేర్చవచ్చును. కాని గట్టిగా బ్రేకు వేసినచో చక్రము బిగియునని జ్ఞాపక ముంచుకొని, దూరము నుండియే మెల్లమెల్లగా నొక్కవలెను. దీనితో బాటు ఎర్రని బ్రేకు దీపము కూడ వెలిగినచో ఇక నడుపరాదు. ఆయిలు తగ్గుట మొదలైన పెద్ద దోషము ఉండవచ్చును.

దీపము వెలుగకయే హాని చేయు దోషము ఒకటి కలదు. తుప్పు చేతనో, రింగు పగులు చేతనో స్పందనము బలహీనమైనప్పుడు, బండి మెల్లగా ఆగబోవు వేళ ఆ చక్రము బిగిసినదని పెట్టె పొరబడును; వెంటనే బ్రేకు పట్టును సడలించును. అప్పుడు పెడలు క్రింద గడగడ కొట్టుకొనినట్లు తోచి, బండి అనుకొన్న చోట ఆగక నాలుగడుగులు ముందుకు పోవును. సంతలోనో, బడి ముందో ఆ నాలుగడుగులే ప్రాణాపాయము కావచ్చును. పొడి రోడ్డు మీద, తక్కువ వేగమున ఇట్లు జరుగుచున్నచో దీపము కొరకు వేచియుండక పరీక్ష చేయింపవలెను.

చెడుటకు కారణములు

సెన్సరు తనంత తాను చెడుట కలదు గాని, చుట్టుప్రక్కల కారణములే తరచు ఎదురగును. దమ్ము చేసిన పొలము నుండి వచ్చిన బండి చక్రములలో బురద గట్టిపడి రింగు పళ్ళ నడుమ నిండును. అయస్కాంతమునకు ఇనుప రజను అంటుకొనును. సెన్సరు కూర్చున్న చోట తుప్పు ఉబ్బి దానిని పైకి నెట్టగా, రింగునకు దానికి నడుమ ఎడము పెరుగును. ఈ ఎడము సామాన్యముగా ఒక మిల్లీమీటరునకు అటునిటుగా మాత్రమే యుండును. కనుక కొద్దిపాటి మార్పయినను లెక్కకు వచ్చును. పంక్చరు వేయుటకు చక్రము విప్పినప్పుడు రింగు వంగుట, తీగ నలుగుట జరుగును. ఎలుకలు తీగలను కొరుకును. కనెక్టరులోనికి నీరు దిగి పచ్చని చిలుము పట్టును. బేరింగు అరిగి చక్రము ఊగినను లెక్క చెడును. కంపెనీ చెప్పిన కొలత కాక వేరొక కొలత టైరు వేసినచో ఆ చక్రపు వేగము ఇతర చక్రములతో సరిపోలదు. బ్యాటరీ బలహీనమైనను, ఫ్యూజు పోయినను ఈ దీపము వెలుగవచ్చును.

దోషము లేకుండనే దీపము వెలుగు సందర్భమును ఒకటి చెప్పుదుము. మోటారు సైకిలును నడిమి స్టాండు మీద నిలిపి, గేరు వేసి వెనుక చక్రమును త్రిప్పినప్పుడు, ముందు చక్రము కదలక వెనుకది మాత్రమే తిరుగుట చూచి పెట్టె దోషమని తలచవచ్చును. గొలుసునకు ఆయిలు వేయునప్పుడు ఇట్లు జరుగును. బండిని ఆపి, తాళము తీసి మరల వేసి, కొంత దూరము నడిపినచో దీపము ఆరిపోవును. ఆరినచో మరేమియు చేయ నక్కరలేదు.

పరీక్షించు క్రమము

మొదటిది కంటి పరీక్ష. దీనికి ఖర్చు లేదు. బండిని చదునైన చోట నిలిపి, చక్రములకు రాళ్ళు అడ్డుపెట్టవలెను. కారునైనచో జాకీ మీదనే వదలక స్టాండుపై నిలుపవలెను. బురదను తడిగుడ్డతో తుడువవలెను. బ్రేకు దుమ్మును నోటితో ఊదరాదు, అది ఊపిరితిత్తులకు చెరుపు. చక్రమును చేతితో మెల్లగా త్రిప్పుచు రింగు పళ్ళన్నియు చూడవలెను. ఒక్క పన్ను విరిగినను, ఒక్క చోట పగిలినను చుట్టు చుట్టునకు లెక్క తప్పును. సెన్సరు బోల్టు బిగువుగా నున్నదో లేదో, తీగ టైరునకు గాని డిస్కునకు గాని రాచుకొనుచున్నదో లేదో, కనెక్టరు పూర్తిగా కూర్చున్నదో లేదో చూడవలెను. చాల సందర్భములలో పని ఇచ్చటనే ముగియును.

రెండవది స్కానరు పరీక్ష. దీపము వెలుగుటకు కారణమును పెట్టె ఒక సంకేత సంఖ్య రూపమున దాచుకొనును. పెక్కు కార్లలో సి 0035 ముందు ఎడమ చక్రమును, సి 0040 ముందు కుడి చక్రమును, సి 0045 వెనుక ఎడమ చక్రమును, సి 0050 వెనుక కుడి చక్రమును తెలుపును. ఇచ్చట పాఠకులు ముఖ్యముగా గ్రహింప వలసినది ఒకటున్నది. సంకేతము చోటును చూపును గాని దోషిని చూపదు. ముందు ఎడమ చక్రమనినచో ఆ చక్రపు సెన్సరు, రింగు, తీగ, కనెక్టరు, వీనిలో ఏదో ఒకటి చెడినదని మాత్రమే అర్థము. సంకేతము చూచినంతనే సెన్సరు మార్చుట, జ్వరమని వినినంతనే ఏ జ్వరమో చూడక మందు మ్రింగుట వంటిది.

స్కానరులోనే నాలుగు చక్రముల వేగమును ఒకేసారి చూడవచ్చును. ఒకరు నడుపుచుండ మరొకరు చూడవలెను, నడుపువాడు చూడరాదు. ఖాళీ రోడ్డుపై తిన్నగా, గంటకు 20 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు నాలుగు అంకెలును దాదాపు సమముగా నుండవలెను. ఒకటి సున్నగా నిలిచిపోయినచో సెన్సరో తీగయో తెగినదని ఊహింపవచ్చును. మధ్యమధ్య పడిపోవుచున్నచో రింగు, ఎడము, వదులైన కనెక్టరు అనుమానింప దగినవి. ఎల్లప్పుడు కొద్దిగా ఎక్కువగనో తక్కువగనో యున్నచో టైరు కొలతను, గాలిని చూడవలెను.

మూడవది మీటరు పరీక్ష. తాళము తీసివేసి కనెక్టరు విప్పవలెను. తీగచుట్ట రకపు సెన్సరు రెండు కొనల నడుమ సామాన్యముగా 800 మొదలు 2,500 ఓములలోపు నిరోధము కనిపించును. సరియైన అంకె బండి సర్వీసు పుస్తకములో నుండును. అనంతముగా చూపినచో లోపల తీగ తెగినది. సున్నకు దగ్గరగా చూపినచో తీగలు కలిసిపోయినవి. ఏ కొననైనను బండి లోహమునకు తాకించి చూచినప్పుడు సంబంధము కనిపింపరాదు. పిమ్మట మీటరును ఏ.సి. వోల్టులకు మార్చి, చక్రమును సెకనుకు ఒక చుట్టు చొప్పున త్రిప్పినచో వోల్టులో పదవ వంతో, అంతకు కొంత హెచ్చో కనిపించి, వేగముతో పెరుగవలెను.

విద్యుత్తు అందుకొను రెండవ రకపు సెన్సరును ఓము మీటరుతో పరీక్షింపరాదు. దానివలన నిజము తెలియదు. సెన్సరు చెడుటయు కలదు. దీనికి కనెక్టరు విప్పి, తాళము వేసి, పెట్టె వైపు నుండి వచ్చు తీగలలో విద్యుత్తు వచ్చుచున్నదో లేదో వోల్టులలో చూడవలెను. విద్యుత్తు రాకున్నచో దోషము తీగదో పెట్టెదో గాని సెన్సరుది కాదు. విద్యుత్తు సరిగా వచ్చుచు, రింగు శుభ్రముగా నుండి, స్కానరులో వేగము మాత్రము రాకున్నచో సెన్సరును అనుమానింపవచ్చును.

నాలుగవది మార్పిడి పరీక్ష. కుడి యెడమల సెన్సర్లు ఒకే రకమైనవైనచో వానిని తారుమారు చేసి చూడవలెను. సంకేతము రెండవ చక్రమునకు మారినచో దోషి సెన్సరే. మారక అచ్చటనే నిలిచినచో తీగనో, రింగునో వెదుకవలెను.

ఒక ఉదాహరణము

సరుకు బండి యొకదానికి ముందు ఎడమ చక్రపు సంకేతము వచ్చిన దనుకొందము. సెన్సరు తీగచుట్ట రకమునకు చెందినది. పెట్టె వద్ద కనెక్టరు విప్పి ఆ తీగలను కొలువగా మీటరు అనంతము చూపినది. ఇంతటితో ఆగిన మెకానిక్కు “అయ్యగారూ, సెన్సరు పోయినది, కొత్తది తెప్పించండి” యనును. ఇంకొక అడుగు వేసిన మెకానిక్కు చక్రము వద్ద కనెక్టరును విప్పి సెన్సరును మాత్రమే కొలుచును. అచ్చట 1,100 ఓములు కనిపించినవి. కుడి చక్రపు సెన్సరునకును అంతే యున్నది. అనగా సెన్సరు క్షేమము. దోషము నడిమి తీగలో నున్నది. హ్యాండిలు త్రిప్పినప్పుడెల్ల వంగు చోట, పై తొడుగు చెక్కుచెదరక లోపలి రాగి తెగియుండును. మీటరు పెట్టి తీగను అటునిటు కదల్చినచో అంకె వచ్చుచు పోవుచు ఆ చోటు బయటపడును. తీగ ముక్క మార్చి, నీరు చొరకుండ కప్పినచో పని తీరును. కొత్త సెన్సరు కొనినను ఈ బండి దీపము ఆరియుండెడిది కాదు.

కనుక బండి యజమాని మెకానిక్కుతో “నాయనా, సెన్సరు మార్చుటకు ముందు తీగ కొలిచితివా? రింగు చూచితివా?” యని అడుగుటలో తప్పు లేదు. పని తెలిసినవాడు ఆ ప్రశ్నకు కోపగింపడు.

చేయరాని పనులు

దీపము బాధ పోవుటకు ఫ్యూజు పీకివేయరాదు. తీగకు సూది గ్రుచ్చి పరీక్షింపరాదు. ఆ రంధ్రము గుండ నీరు చేరి తీగ కుళ్ళును. సెన్సరును సుత్తితో కొట్టి ఊడదీయరాదు. అయస్కాంత వలయము గల బేరింగును ఇతర అయస్కాంతములకు దగ్గర చేర్చరాదు. బిగించునప్పుడు వలయపు వైపు తారుమారు చేయరాదు. బండి కడుగునప్పుడు ప్రెషరు నీటిని కనెక్టరులపై తిన్నగా కొట్టరాదు. బ్రేకు ఆయిలు గొట్టములను, ఏ.బి.యస్. పెట్టెను ఇంటివద్ద విప్పరాదు. అది శిక్షణ పొందినవారి పని.

బాగు చేసిన పిమ్మట

స్కానరుతో పాత సంకేతమును చెరిపి, బండిని ఖాళీ స్థలమున మెల్లగా నడిపి చూడవలెను. దీపము ఆరవలెను, మరల వెలుగరాదు. తక్కువ వేగమున రెండు మూడు మార్లు బ్రేకు వేసి, బండి తిన్నగా ఆగుచున్నదని నిశ్చయించుకొన్న పిమ్మటనే మనుషులను, సరుకును ఎక్కింపవలెను. ప్రతి సర్వీసునందును, చక్రము విప్పిన ప్రతి పర్యాయమును రింగును తుడిపించి, తీగ దాని క్లిప్పులలో కూర్చున్నదో లేదో చూచుకొన్నచో ఈ కష్టము చాల వరకు రాదు.

యంత్రము మూగది, దీపమే దాని నోరు. అది చెప్పు మాటను పెడచెవిని పెట్టక, అట్లని దాని అర్థము సగమే విని తొందరపడి ఖర్చు చేయక, కంటితో చూచి, కొలిచి, పోల్చి నిజమును తేల్చుకొనవలెను. తొలకరి రాకముందే బండి గల ప్రతి యజమానియు తాళము త్రిప్పి, దీపము వెలిగి ఆరుచున్నదో లేదో ఒక్కసారి చూచుకొనవలెనని మా కోరిక. వానలో తడిసిన రోడ్డుపై బండికి అడ్డముగా పసిబిడ్డ పరుగెత్తినప్పుడు ఆ చిన్న సెన్సరు చెప్పు లెక్క సరిగా నుండుట అందరికిని క్షేమము.